దాహం మరిచిన ఊరు

మల్లిపాడులో మనిషికి మనిషి ఎదురైతే ముందు అడిగేది అన్నం తిన్నావా అని కాదు, క్రియాటిన్ ఎంతొచ్చిందని. పలాస నుంచి బస్సు దిగితే చుట్టూ జీడితోటలు, కొబ్బరితోటలు, కొత్తగా వచ్చినవాళ్లు ఆహా అనుకునేంత పచ్చదనం. ఆ పచ్చదనం మధ్యన నలభై దాటీ దాటకుండానే కిడ్నీలు పాడై, రక్తంలో ఆ క్రియాటిన్ అంకె పెరిగిపోయే జనం. నీళ్ల వల్ల అన్నారు, పురుగుమందుల వల్ల అన్నారు, ఎండ వల్ల అన్నారు. వచ్చినవాళ్లందరూ రక్తం తీసుకుని వెళ్లారు, కారణం చెప్పడానికి మాత్రం ఎవరూ తిరిగి రాలేదు. అలాంటి ఊరికి డాక్టర్ చక్రధర్ జీడిపప్పు పొట్టు పట్టుకుని వస్తే జనం నవ్వకుండా ఎలా ఉంటారు?

అదేనండీ, జీడిపప్పు మీద పల్చగా ఉండే ఎర్రటి పొర. నోట్లో పెట్టుకుంటే వగరు. ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లు పొద్దస్తమానం గిల్లి గిల్లి పారేసేది. చక్రధర్ చెయ్యి పట్టి చూసే డాక్టరు కాడు, పరిశోధన డాక్టరు. సముద్రం ఒడ్డున చిన్న ప్రయోగశాలలో ఆ పొట్టు మీదే జుట్టు నెరిసిపోయేదాకా పనిచేశాడు.

బడిలో సభ పెట్టి, బల్ల మీద వంకాయ కోసి రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టాడు. ఒక ముక్క మీద ఆ పొట్టు నుంచి తీసిన గోధుమరంగు రసం ఒక చుక్క వేశాడు. కోసిన వంకాయ నల్లబడుతుందని ఏ ఇల్లాలికి తెలియదు గనక! మధ్యాహ్నానికి ఉత్త ముక్క నల్లబడింది, చుక్క పడిన ముక్క అప్పుడే కోసినట్టు ఉంది. అంతవరకే అయితే నిమ్మకాయ పిండినా అంతే కదా అని పెదవి విరిచేవారే. ఆయన ఆ నల్లబడ్డ ముక్క మీద కూడా ఒక చుక్క వేసి, కాసేపు ఉండమన్నాడు. పొద్దు వాలేసరికి నలుపు విరిగి అది కూడా తెల్లబడిపోయింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

"గాలి తగిలి వంకాయ నల్లబడ్డట్టే మన కిడ్నీలు లోపల్లోపల పాడవుతున్నాయి. ఈ రసం ఆ పాడును ఆపుతుంది, జరిగిన పాడును వెనక్కి కూడా తిప్పుతుంది" అని ఆయన మాటల్ని ఊరి మాటల్లోకి దించి చెప్పింది బృందావతి.

అలా దించి చెప్పడమే ఆమె ఉద్యోగం. ఆరోగ్య సమాచారం మీద పల్లెల్లో ఆశా కార్యకర్తలకు, వాలంటీర్లకు శిక్షణ ఇస్తుంది. డాక్టర్లు ఇంగ్లీషులో గొణిగేదాన్ని ఆడవాళ్లు పొయ్యి దగ్గర కూడా గుర్తుపెట్టుకునేలా చెబుతుంది. పుట్టింది ఈ ఊళ్లోనే. అమ్మా నాన్నా చిన్నప్పుడే ఈ జబ్బుతో పోతే, అప్ప ఊర్మిళ జీడి ఫ్యాక్టరీలో పొట్టు గిల్లి ఆమెను చదివించింది. జీడి జిగురు అంటి ఊర్మిళ వేళ్ల చివర్లు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. ఆ వేళ్లతోనే చెల్లెలికి జడ వేసింది, అన్నం కలిపి ముద్దలు పెట్టింది. తల్లి అని తలుచుకుంటే బృందావతికి ఇప్పటికీ అప్ప ముఖమే కనిపిస్తుంది.

మందు పరీక్ష మొదటి దశలో జబ్బు అప్పుడప్పుడే మొదలైన ఆడవాళ్లకు రసం ఇచ్చారు. అందులో ఊర్మిళ ఉంది. ఆమె భర్త ఢిల్లేశ్వరరావుకి మాత్రం ఇవ్వలేదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ఇవ్వకూడదని నియమం. ఒకప్పుడు చరచరా కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపిన మనిషి, ఇప్పుడు తన ఇంటి అరుగు ఎక్కడానికే ఆయాసపడుతున్నాడు. వారానికి సరిపడా సీసా ఇంటికిచ్చేవారు. పొద్దున్నే పరగడుపున ఒక గ్లాసు తాగాలి, ఖాళీ సీసా తెచ్చిస్తే కొత్తది ఇస్తారు. సీసా ఖాళీ అయితే తాగినట్టే కదా! ఆ పద్ధతి పెట్టింది బృందావతి. ఒక్కరంటే ఒక్కరు కూడా మిగిలిన రసంతో సీసా తిరిగివ్వలేదు.

వానలు పడేసరికి ఫలితాలు వచ్చాయి. ఆడవాళ్లందరి క్రియాటిన్ దిగింది. ప్రయోగశాలలో చక్రధర్ ఆ కాగితాలు పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. బృందావతి స్వీటు డబ్బా తీసుకుని అప్ప ఇంటికి పరిగెత్తింది. అరుగు మీద బావ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఆ కాళ్లకు వాపు లేదు.

"ఏటి బావా, ఇంత సన్నబడిపోనావు?"

"మీ అప్ప నవ్వుతున్నాది కదే మరదలా, ఆ నవ్వుకే నా నీరు దిగిపోనాది" అన్నాడు ఢిల్లేశ్వరరావు. లోపల ఊర్మిళ గిన్నెలు చప్పుడు చేస్తూ "ఊరుకుందురూ!" అంది. బృందావతి పకపకా నవ్వింది. ఉప్పు తగ్గించి ఉంటాడు అనుకుంది.

రెండో దశకు పై కమిటీ ఒక మెలిక పెట్టింది. ఖాళీ సీసాలు సాక్ష్యం కావు, మనిషి ఎదుట మనిషి తాగాలి. న్యాయమైన మాటే. ఊళ్లోంచీ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ వాలంటీర్లను పిలిచి బృందావతి అదే బడిలో శిక్షణ పెట్టింది. సీసా ఎవరి చేతికీ ఇవ్వొద్దు. గుమ్మం దగ్గర మీరే గ్లాసులో పోయండి, మీ ఎదురుగానే ఖాళీ అవ్వాలి, నోరు తెరిపించి చూడండి. ఒక్కొక్కరి చేతా నటన చేయించి మరీ నేర్పింది.

"మేడమ్, మా అత్త నాకింత కాపలా కాయనేదు" అంది నీలవేణి అనే వాలంటీరు. గది గదంతా గొల్లుమంది.

"మీ అత్త కాసి ఉంటే నువ్వు బాగుపడి ఉందువు" అని బృందావతి కూడా నవ్వేసింది. శిక్షణ అంటే అలా ఉండాలని తర్వాత అందరూ మెచ్చుకున్నారు.

ఊర్మిళ మాత్రం మెచ్చుకోలేదు. మొదటి వారంలోనే చెల్లెల్ని వంటింట్లోకి పిలిచింది.

"సీసా ఇంటికిచ్చీమని సెప్పవే. నానే తాగుతాను కదా, ఎప్పుడైనా మిగిల్చినానా?"

"నా చేతుల్లో లేదప్పా. అందరికీ ఒకటే పద్ధతి."

"గుమ్మంలో నిలబడి, ఇంట్లోవోళ్లు సూస్తుండగా నానొక్కదాన్నీ గటగటా తాగడం... బాగోదే, బృందా."

"మందే కదప్పా, పాయసం కాదు కదా మొహమాటపడడానికి!"

ఊర్మిళ పొయ్యివైపు తిరిగింది. ఒక్క మాట గట్టిగా అడిగి ఉంటే అప్ప చెప్పేసేదే. బృందావతికి ఇంకా నాలుగూళ్లు తిరగాల్సి ఉంది. వెళ్లిపోయింది.

ఎండలు ముదిరాయి. ఫ్యాక్టరీలో జీడిపప్పు ఆరబెట్టే డ్రయ్యర్ల వేడికి గోడలు కూడా చెమట పడతాయంటారు. ఆ వేడిలో ఆడవాళ్లు కొత్త సుఖం ఒకటి చెప్పుకోసాగారు. దాహం వేయడం లేదట. దాహం లేకపోతే మాటిమాటికీ కుండ దగ్గరికి లేవక్కర్లేదు, సరైన మరుగుదొడ్డి లేని చోట బయటికి వెళ్లే బాధా లేదు. "ఒళ్లు సల్లగా ఉన్నాదమ్మా, దేవుడి మందు" అంది కాంచనమ్మ అనే పెద్దావిడ. బృందావతి దాన్ని మేలు కిందే రాసుకుంది. ఆ తెలివిని ఏమనాలి? మనిషికి దాహం పోయిందంటే మేలు అనుకునేంతగా ఆమె కళ్లను ఆ క్రియాటిన్ అంకెలు మూసేశాయి.

అటు ఢిల్లేశ్వరరావుకి మళ్లీ నీరు పట్టింది. ముందు పాదాలు, తర్వాత ముఖం. మందే అందని మనిషి కదా, జబ్బు ముదిరిందనే అందరూ అనుకున్నారు. డయాలసిస్ మంచం మీంచి లేవలేని స్థితికి వచ్చాడు. ఒకరోజు పొద్దున్న ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటోలోనే, ఊర్మిళ ఒళ్లో తల పెట్టుకుని పోయాడు.

శవం దగ్గర ఊర్మిళ గుండెలు బాదుకుంది, గొంతు పోయేలా అరిచింది. కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. ఎండిన పెదాలు చిట్లి రక్తం వచ్చింది గానీ కన్నీరు రాలేదు. ఎవరో గ్లాసుతో మంచినీళ్లిస్తే చేతిలో పట్టుకుని, అదేమిటో తెలియనట్టు చూసి పక్కన పెట్టేసింది.

"మొగుడు పోతే ఒక్క సుక్క కన్నీరు నేదు, సూసినావా?" అని వెనక ఒక ఆడమనిషి గుసగుసలాడింది. బృందావతికి ఒళ్లు మండింది. తిరిగి కసిరింది కూడా. కసిరాక మళ్లీ అప్ప ముఖం చూసింది. నాలుక చెక్కలా ఉంది, చేతి మీద చర్మం పట్టి లాగితే అలాగే నిలబడిపోయింది. శిక్షణలో ఇవే లక్షణాలు తను వందలమందికి చెప్పింది. ఒంట్లో నీరు లేని మనిషి లక్షణాలు. అప్ప తలను ఒడిలో పెట్టుకుని, నోరు తెరిపించి, చెంచాతో నీళ్లు పోసింది.

కర్మకాండ ముగియకముందే ఫ్యాక్టరీలో కాంచనమ్మ డ్రయ్యరు పక్కన కూలిపోయి చనిపోయింది. నిండు కుండ ఆమె చేతికందే దూరంలోనే ఉంది.

బృందావతి వెళ్లేసరికి ప్రయోగశాలలో చక్రధర్ బోను ముందు కూర్చుని ఉన్నాడు. బోనులో ఎలుక, దాని ముందు నీళ్ల గిన్నె. ఎలుక గిన్నె వాసన చూసి అటు తిరిగి పడుకుంది.

"ఇన్నేళ్లూ మందును నీళ్లలో కలిపి వీటి గొంతులో పోశాం బృందా. వాటికి నీళ్లు అందుతూనే ఉన్నాయి, దాహం అవసరమే పడలేదు. దాహం పోయిందని మనకెలా తెలుస్తుంది?" ఆయన గిన్నెను ఎలుక దగ్గరికి జరిపాడు. "ఒంట్లో నీరు తగ్గితే మెదడులో కొన్ని కణాలు రగిలి కేక వేస్తాయి. ఆ కేకే దాహం. మన రసం పాడును ఆర్పుతూ ఆర్పుతూ ఆ సెగను కూడా ఆర్పేసింది."

"మరి మొదటి దశలో ఒక్కరికీ ఇలా అవ్వలేదేం?"

"అదే నాకు అర్థం కావట్లేదు. అదే మోతాదు. అదే ఆడవాళ్లు."

 బృందావతి చెవిలో అప్ప వంటింట్లో అన్న మాట మోగింది. బాగోదే, బృందా.

సరాసరి అప్ప ఇంటికి వెళ్లి అడిగింది. ఊర్మిళ గోడకు చేరబడి కూర్చుని ఉంది, దాచలేదు.

"సగం మీ బావకి పోసేదాన్ని. ఆయనకివ్వరాదన్నారు. పక్క మీద ఆయన అలగ సూస్తుంటే నానెలాగ తాగుతానే? ఆ మందు తాగినంతకాలం లేసి తిరిగినాడు."

"మిగతావాళ్లు?"

"ఎవులు మాత్రం ఒక్కలే తాగినారేటి? కాంచనమ్మ కొడుక్కి పోసింది. నీలవేణి అత్త తన మొగుడికి పోసింది. ఇంట్లో మంచిదేదైనా ఉంటే ఆడది తనొక్కతీ తాగీసి మూతి తుడుసుకుంటాదేటే?"

అంతే. ఇంతకంటే వింత ఏమీ లేదు. ఊరి ఆడవాళ్లందరూ సగమే తాగారు. ఆ సగమే మందు. పూర్తిగా తాగితే విషం. ఎవరూ అనుకోకుండా సరైన మోతాదును వాళ్ల మర్యాదే కొలిచి పోసింది, ఆ మర్యాదను గుమ్మంలో నిలబెట్టి చెరిపేసింది మాత్రం బృందావతి నేర్పిన శిక్షణ. పైగా ఇటు ఆడవాళ్లకు పూర్తి గ్లాసు తాగిస్తే, అటు మంచాల మీదున్న మొగుళ్లకూ కొడుకులకూ అందే సగం ఆగిపోయింది. ఆ ఎండాకాలం ఊళ్లో మగవాళ్లు అన్ని పాడెలు ఎందుకెక్కారో ఇప్పుడు అర్థమైంది.

బృందావతి చెప్పినదంతా చక్రధర్ విన్నాడు. ఆ రోజే రసం ఆపేశాడు, పై కమిటీకి జరిగింది జరిగినట్టు రాశాడు. మర్నాడు ప్రయోగశాల గేటు ముందు జనం. తిట్టడానికి వచ్చారని బృందావతి భయపడింది. వాళ్లు చేతులు జోడించారు. సగమే ఇవ్వండి బాబూ, మా ఇంటాయన దాంతోనే లేచి తిరిగాడు, సగం చాలు అన్నారు. సగం ఇవ్వాలంటే మళ్లీ ఎలుకల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి, మళ్లీ అనుమతులు, ఏళ్లు. ఆ మాట ఊరి భాషలోకి దించి చెప్పడానికి బృందావతికి నోరు రాలేదు. చక్రధరే గేటు దగ్గరికి వెళ్లి, తల వంచుకుని చెప్పాడు.

ఊర్మిళకు సెలైన్లు ఎక్కించి ప్రాణం నిలబెట్టారు. కిడ్నీలు, విచిత్రంగా, బాగానే ఉన్నాయి. దాహం మాత్రం ఇక రాదన్నారు. ఆ కణాలు ఆరిపోయాయి. ఎవరో ఒకరు పూటపూటా పక్కనుండి నీళ్లు తాగిస్తే ఎంతకాలమైనా బతుకుతుంది, రెండు రోజులు వదిలేస్తే చచ్చిపోతుంది. బృందావతి సెలవు పెట్టి అప్ప ఇంటికి వచ్చేసింది. తనకు జడ వేసిన మనిషికి తను జడ వేసింది. గంట గంటకీ గ్లాసు నోటికందించి "దాహం వేసిందప్పా, తాగు" అనేది. ఊర్మిళకు నీళ్లంటే వెగటు, గడ్డి నమలమన్నట్టే. అయినా చెల్లెలి ముఖం చూసి, కళ్లు మూసుకుని తాగేది.

చూడ్డానికి వచ్చిన చక్రధర్ బయట అరుగు మీద మెల్లగా అన్నాడు: "ఏదో ఒకరోజు మీ బావ గురించి అడుగుతుంది. ఎలాగూ పోయేవాడే అని చెప్పు. నీ చేతి మీదే బతుకుతోంది, గుర్తుపెట్టుకో." బృందావతి తలూపింది. అబద్ధం సిద్ధం చేసి పెట్టుకుంది.

ఆ రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక గ్లాసు చేతికందుకుని ఊర్మిళ తాగలేదు.

"బృందా, ఆ సగం ఆపకుండా పోసుంటే మీ బావ బతికుండేవోడా?"

బృందావతి నోరు తెరిచింది.

"అబద్దం సెప్పకు" అంది ఊర్మిళ. "నాకు దాహం తెల్దు. నా ఒళ్లు నాకేటీ సెప్పదు. నువ్వు దాహం అన్నావనే తాగుతున్నాను. ఒక్కసారి నువ్వు అబద్దమాడినావని తెలిస్తే, ఇంక దేన్నమ్మి తాగాలే నాను?"

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు. బృందావతి సిద్ధం చేసుకున్న అబద్ధాన్ని వదిలేసింది.

"బతికేవాడే అప్పా. ఇంకా కొన్నేళ్లు బతికేవాడు. నేను పెట్టిన పద్ధతి వల్లే పోయాడు."

ఊర్మిళ అరవలేదు, తిట్టలేదు. గ్లాసు నేల మీద పెట్టి, దాన్ని నల్లటి వేళ్లతో చెల్లెలి వైపు జరిపింది. "నువ్వు ఎల్లిపో" అంది. బృందావతి కాళ్లు పట్టుకుంది, బతిమాలింది, అమ్మా అంది. ఊర్మిళ గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం వరకూ చెల్లెలి చేతి నీళ్లు ముట్టలేదు.

చివరికి నీలవేణిని పిలిచింది బృందావతి. నీలవేణి గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్లి "దాహమేసిందమ్మా, తాగీ" అంటే ఊర్మిళ ఆమె ముఖంలోకి ఒకసారి చూసి తాగింది. ఆ రోజు నుంచి అదే ఏర్పాటు. బృందావతి ఇంట్లో అడుగుపెట్టదు. సెలవు అయిపోయి శిక్షణలకు తిరుగుతోంది. ఇప్పుడు చుట్టూ ఊళ్లలో దాహం పోయిన ఆడవాళ్లకు నీళ్లు తాగించడం ఎలాగో నేర్పుతోంది. ఎక్కడున్నా పొద్దునా సాయంత్రం మల్లిపాడు వచ్చి, అప్ప ఇంటి పెరటి గోడ అవతల నిలబడుతుంది. లోపల గ్లాసు చప్పుడు, నీలవేణి మాట, తర్వాత గుటక. ఒకటి, రెండు, ఇంకొకటి. గ్లాసు కింద పెట్టిన చప్పుడయ్యాక వెళ్లిపోతుంది.

ఒక సాయంత్రం నీలవేణి చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ గోడ చుట్టూ తిరిగి వచ్చింది.

"మేడమ్, మీ అప్ప అడిగింది. గోడవతల రోజూ ఎవులో నిలబడుతున్నారు, ఎవులే అని. ఎవులూ నేరని సెప్పీసినాను."

బృందావతి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"రేపు మళ్లీ అడిగితే నేనని చెప్పెయ్ నీలవేణీ. ఆమె దగ్గర నువ్వు మాత్రం అబద్ధం ఆడకు. ఇప్పుడు నీ మాట నమ్మే తాగుతోంది."

"మీరని తెలిసి, తాగనంటేనో?"

"తాగనంటే నేను రావడం మానేస్తాను" అంది బృందావతి.